చేదుకు నిప్పు, పరిమళానికి చలి

హాప్స్ పువ్వులో రెండు సంపదలు దాగి ఉంటాయి. ఒకటి చేదు, రెండోది పరిమళం. చేదు దిగాలంటే పువ్వును గంటసేపు మరగబెట్టాలి. పరిమళం నిలవాలంటే అదే పువ్వుకు మంట సెగ తగలకూడదు. ఒకదాన్ని సాధించే పద్ధతి రెండోదాన్ని పాడుచేస్తుంది. బీరు కాచేవాళ్లు వందల ఏళ్లుగా ఈ చిక్కుముడితోనే పనిచేస్తున్నారు. ఏ పువ్వును ఎప్పుడు వేయాలి, ఎంత వేడిలో వేయాలి, ఎంతసేపు ఉంచాలి అన్న నిర్ణయాలే చివరికి గ్లాసులో రుచిగా తేలతాయి.

ఈ నిర్ణయాలు అన్నిటికన్నా స్పష్టంగా తెలిసే బీరు పిల్స్నర్. నల్లటి స్టౌట్‌లో మాడ్చిన గింజల వాసన ముందుకొస్తుంది. జర్మన్ గోధుమ బీరులో ఈస్ట్ పుట్టించే అరటిపండు, లవంగం వాసనలు కమ్ముకుంటాయి. పిల్స్నర్‌లో అలాంటి తెరలేవీ లేవు. లేతరంగు బార్లీ, తేలికైన నీరు, తన ఉనికిని పెద్దగా చాటుకోని ఈస్ట్, ఆపైన హాప్స్. అందుకే హాప్స్‌కు పెద్దపీట వేసిన క్రాఫ్ట్ పిల్స్నర్‌లో చిన్న పొరపాటు కూడా దాగదు, చిన్న నైపుణ్యం కూడా వృథా పోదు. దాన్ని రుచి చూడటం నేర్చుకుంటే వేడి, కాలం, రసాయనం కలిసి చేసే పనిని నాలుకతోనే చదవవచ్చు.

పిల్సెన్ పట్టణం, 1842

ఈ కథ నేటి చెక్ రిపబ్లిక్‌లోని పిల్సెన్‌లో మొదలైంది. 1838లో ఆ ఊరివాళ్లు పాడైపోయిన 36 పీపాల బీరును టౌన్‌హాల్ ముందు పారబోశారు. బీరు కాచే హక్కున్న పౌరులంతా కలిసి కొత్త బ్రూవరీ కట్టుకున్నారు. బవేరియాలోని విల్స్‌హోఫెన్ నుంచి యోసెఫ్ గ్రోల్ అనే యువకుణ్ణి పిలిపించారు. 1842 అక్టోబరు 5న ఆయన కాచిన మొదటి బీరు నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండుగ సంతలో జనం ముందుకు వచ్చింది. ముదురు రంగు బీరుకు అలవాటుపడ్డ కళ్లకు అది బంగారు రంగులో, తేటగా కనిపించింది.

ఆ బీరు వెనుక నాలుగు కారణాలు కలిసొచ్చాయి. మొదటిది మాల్ట్. మొలకెత్తిన బార్లీని కట్టెల మంట మీద నేరుగా ఆరబెడితే పొగచూరుతుంది, రంగు ముదురుతుంది. పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే ఇంగ్లిష్ పద్ధతిని పిల్సెన్ బ్రూవరీ తెచ్చుకుంది. వేడి అదుపులో ఉంటే గింజలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి రంగునూ కాల్చిన వాసననూ పుట్టించే మెయిలార్డ్ చర్య కొద్దిగానే జరుగుతుంది. ఫలితంగా లేత పసుపు రంగు, తాజా రొట్టెను గుర్తుచేసే సన్నని తీపి మిగులుతాయి.

రెండోది నీరు. పిల్సెన్ నీటిలో లవణాలు చాలా తక్కువ. కాల్షియం లీటరుకు దాదాపు 10 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది, సల్ఫేట్ అంతకన్నా తక్కువ. సల్ఫేట్ ఎక్కువున్న నీటిలో హాప్స్ చేదు పదునెక్కి గుచ్చుకుంటుంది. ఇంగ్లండ్‌లోని బర్టన్ ఆన్ ట్రెంట్ బీర్ల పదునుకు అక్కడి నీరే కారణం. పిల్సెన్ నీటిలో అదే చేదు గుండ్రంగా, మెత్తగా దిగుతుంది. గత దశాబ్దంలో హైదరాబాద్‌లో వెలిసిన మైక్రోబ్రూవరీలకు కూడా ఈ పాఠం వర్తిస్తుంది. మన ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీరు కఠినజలం. దానితో పిల్స్నర్ కాచాలంటే ముందు ఆర్వో ద్వారా లవణాలు తీసేసి, కావలసినంత మళ్లీ కొలిచి కలుపుకోవాలి.

మూడోది హాప్స్. పిల్సెన్‌కు ఉత్తరాన ఉన్న జాటెట్స్ ప్రాంతంలో పండే సాజ్ రకం ఈ బీరుకు ప్రాణం. ఆ హాప్స్ తోటల భూదృశ్యాన్ని యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నాలుగోది ఈస్ట్. గ్రోల్ వాడిన బవేరియా ఈస్ట్ చల్లదనంలో నిదానంగా పనిచేసే రకం. వెచ్చగా పులిసే ఏల్ బీర్ల ఈస్ట్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చురుగ్గా ఉంటే, ఇది 10 డిగ్రీల దగ్గర కూడా చక్కెరను పులియబెడుతుంది. ఆ చలిలో పండ్ల వాసనలిచ్చే ఎస్టర్లు తక్కువగా తయారవుతాయి. తర్వాత సున్నా డిగ్రీలకు దగ్గరగా వారాల తరబడి నిల్వ ఉంచితే బీరు తేరుకుని తేటపడుతుంది; ఇలాంటి బీరే లాగర్. శాకరోమైసిస్ పాస్టోరియానస్ అనే ఈ ఈస్ట్ రెండు జాతుల సంకరం. ఒక తల్లి రొట్టెలకూ ఏల్‌కూ వాడే జాతి. చలిని తట్టుకునే గుణమిచ్చిన రెండో తల్లి ఎవరో చాలాకాలం తేలలేదు. 2011లో శాస్త్రవేత్తలు దాన్ని దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో, దక్షిణ బీచ్ చెట్ల మీద గుర్తించారు. తర్వాత టిబెట్‌లోనూ అది దొరికింది.

మరిగితేనే చేదు

హాప్స్ ఒక తీగ. పందిరి తాళ్లు పట్టుకుని అయిదారు మీటర్లు పాకుతుంది. వృక్షశాస్త్రం దీన్ని గంజాయి కుటుంబంలోనే చేర్చింది గానీ ఇందులో గంజాయి మత్తు పదార్థాలు లేవు. బీరుకు కావలసింది ఆడ మొక్కల పువ్వులు. చిన్న ఆకుపచ్చ కోన్‌లా ఉండే ఆ పువ్వు రెక్కలు విప్పితే వాటి మొదళ్లలో పసుపు పొడి కనిపిస్తుంది. అదే లుపులిన్. ఆల్ఫా ఆమ్లాలు, సుగంధ తైలాలు రెండూ ఉండేది ఆ పొడిలోనే.

ఆల్ఫా ఆమ్లాలు ఉన్నవి ఉన్నట్టుగా పెద్ద చేదు కావు, నీటిలోనూ సరిగా కరగవు. బార్లీ చక్కెరలు దిగిన ద్రవంలో వాటిని వేసి మరగబెట్టినప్పుడు అసలు మార్పు జరుగుతుంది. ఆరు కార్బన్ల వలయం ముడుచుకుని అయిదు కార్బన్ల వలయం అవుతుంది. అణువులో ఒక్క పరమాణువూ కలవదు, ఒక్కటీ పోదు. అమరిక మాత్రమే మారుతుంది. అలా పుట్టిన ఐసో ఆల్ఫా ఆమ్లాలు నీటిలో కరుగుతాయి, గట్టి చేదునిస్తాయి. ఈ మార్పుకు కాలం కావాలి. అయిదు నిమిషాలు మరిగితే కొంచెమే మారుతుంది. గంటసేపు మరిగించినా పువ్వులోని ఆల్ఫా ఆమ్లాల్లో సుమారు మూడో వంతే చేదుగా బీరులో చేరుతుంది. మిగిలింది పిప్పితో, నురగతో, ఈస్ట్‌తో పోతుంది. ఈ అణువుల త్రిమితీయ రూపాన్ని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ కమిన్‌స్కీ బృందం ఎక్స్‌రే స్ఫటిక పద్ధతితో 2013లో తేల్చింది.

లీటరు బీరులో ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లం ఉంటే చేదు కొలతలో దాన్ని సుమారుగా ఒక ఐబీయూ అంటారు. పిల్సెన్‌లో నేటికీ కాస్తున్న పిల్స్నర్ ఉర్క్వెల్ చేదు 40 ఐబీయూల చుట్టూ ఉంటుంది. బజారులో అమ్మే సాధారణ లాగర్లు చాలావరకు 20 లోపే. అయితే ఈ సంఖ్య ఒక్కటే చూసి రుచిని ఊహించలేం. మాల్ట్ తీపి ఎంత మిగిలింది, నీటిలో ఏ లవణాలున్నాయి అనే వాటిని బట్టి ఒకే 35 ఐబీయూ ఒక బీరులో కమ్మగా, ఇంకో బీరులో కటువుగా తోస్తుంది.

చేదు రుచి కోసమే కాదు, కాపలాకూ పనికొస్తుంది. ఐసో ఆల్ఫా ఆమ్లాలు బీరును పులుపెక్కించే లాక్టోబాసిల్లస్ లాంటి బ్యాక్టీరియాను ఎదగనివ్వవు. యూరప్‌లో హాప్స్ ఇంతగా పాతుకుపోవడానికి ఈ నిల్వగుణం కూడా ఒక పెద్ద కారణం.

చల్లని పీపాలో పరిమళం

ఇక రెండో సంపద. హాప్స్ తైలాల్లో వందల పదార్థాలున్నాయి. వాటిలో ముఖ్యమైనవి తెలుగువారి వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నవే. హాప్స్‌కు పూల వాసననిచ్చే లినలూల్, మన ధనియాల తైలంలో సగానికి పైగా ఉండే పదార్థం ఒక్కటే. కారియోఫిల్లీన్ మిరియాల్లోనూ లవంగాల్లోనూ ఉంటుంది. జెరానియోల్ గులాబీలో ఉంటుంది. పచ్చి ఆకు, జిగురు వాసనలిచ్చే మిర్సీన్ కొన్ని మామిడి రకాల్లోనూ నిమ్మగడ్డిలోనూ దొరుకుతుంది. ధనియాలు వేయించిన ఇంట్లో పెరిగిన ముక్కుకు పిల్స్నర్ పరిమళం కొత్త పాఠమేమీ కాదు. తెలిసిన అణువులే వేరే పాళ్లలో కలిసి వస్తాయి.

ఈ తైలాలు ఆవిరితో ఎగిరిపోతాయి. మరుగు మొదట్లో వేసిన పువ్వులో పరిమళం గంట తర్వాత దాదాపు ఏమీ మిగలదు. అందుకే బ్రూవర్లు పువ్వులను విడతలుగా వేస్తారు. చేదు కోసం మొదట్లో కొంత, పరిమళం కోసం మరుగు చివర్లో మరికొంత. సాంప్రదాయ పిల్స్నర్లు ఇక్కడితో ఆగుతాయి.

మరో అడుగు ముందుకు వేసింది ఇటలీ. కోమో ప్రాంతంలోని లురాగో మరినోనె అనే చిన్న ఊళ్లో 1996లో ఆగొస్తీనో అరియోలి బిర్రిఫిచియో ఇటాలియానో అనే బ్రూవరీ ప్రారంభించారు. జర్మన్ పిల్స్ అంటే ఆయనకు ఇష్టం. ఇంగ్లండ్‌లో ఏల్ పీపాల్లో పచ్చి హాప్స్ వేసే పాత పద్ధతినీ ఆయన ఎరుగుదురు. ఆ రెంటినీ కలిపి, పులియడం అయిపోయిన చల్లని లాగర్‌లో హాప్స్ నానబెట్టారు. దీన్నే డ్రై హాపింగ్ అంటారు. చల్లదనంలో అమరిక మార్పు జరగదు కనుక చేదు పెద్దగా పెరగదు. తైలాలు మాత్రం బీరులోకి దిగుతాయి. అలా పుట్టిన టిపోపిల్స్ తర్వాత ఇటాలియన్ పిల్స్నర్ అనే ఒక శైలికే మూలమైంది. దాని ప్రేరణతో కాలిఫోర్నియాలోని ఫైర్‌స్టోన్ వాకర్ బ్రూవరీలో మాట్ బ్రినిల్డ్‌సన్ పీవో పిల్స్ కాచారు. ఆ తర్వాత ఎన్నో క్రాఫ్ట్ బ్రూవరీలు ఆ బాట పట్టాయి.

డ్రై హాపింగ్‌లో ఒక మెలిక ఉంది. హాప్స్ పువ్వులో పిండిపదార్థాలను విడగొట్టే ఎంజైములు కొద్దిగా ఉంటాయి. మరిగిస్తే అవి చచ్చిపోతాయి. చల్లని బీరులో వేస్తే బతికి ఉండి, ఈస్ట్ తినలేక వదిలేసిన పెద్ద చక్కెరలను ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలతో ఈస్ట్ మళ్లీ పని మొదలుపెడుతుంది. బీరులో ఆల్కహాల్, గ్యాస్ అనుకున్నదానికన్నా పెరుగుతాయి, వెన్న వాసన కూడా పుట్టవచ్చు. బ్రౌన్, మారిస్ అనే ఇంగ్లిష్ రసాయనవేత్తలు 1893లోనే ఇది గమనించి రాశారు. డ్రై హాపింగ్ మళ్లీ విస్తరించాక నేటి బ్రూవర్లకు ఆ పాత పరిశోధన అక్కరకొచ్చింది.

గ్లాసు ముందు

ఇప్పుడు రుచి చూద్దాం. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన గ్లాసు వద్దు. సున్నా డిగ్రీల దగ్గర సుగంధ అణువులు ద్రవాన్ని వదిలి పైకి లేవవు, నాలుక కూడా మొద్దుబారుతుంది. 5 నుంచి 8 డిగ్రీల మధ్య బీరు ఉండాలి. కడిగి ఆరబెట్టిన, నూనె జిడ్డు లేని గ్లాసు కావాలి.

మొదట నురగ చూడండి. బార్లీలోని కొన్ని ప్రోటీన్లు మరుగులో కూడా చెడకుండా నిలిచి బుడగల చుట్టూ పొర కడతాయి. ఐసో ఆల్ఫా ఆమ్లాలు ఆ ప్రోటీన్లకు అతుక్కుని పొరను గట్టిపరుస్తాయి. అంటే హాప్స్ ఎక్కువున్న పిల్స్నర్‌కు నురగ బాగా నిలుస్తుంది, గ్లాసు అంచులకు జాలీలా పట్టుకుంటుంది. చేదు అణువులు నురగలో పోగవుతాయి కనుక నురగను విడిగా రుచి చూస్తే కింది ద్రవం కన్నా చేదుగా ఉంటుంది. డ్రై హాపింగ్ చేసిన బీరులో హాప్స్ పాలీఫినాల్స్, బార్లీ ప్రోటీన్లు కలిసి సన్నని మసక కమ్మవచ్చు. అది చెడిపోయిన గుర్తు కాదు.

తర్వాత వాసన. ఒక్క దీర్ఘశ్వాసకు బదులు చిన్న చిన్నగా పీల్చండి. ఒకే వాసన ఆగకుండా తగిలితే ముక్కులోని గ్రాహకాలు త్వరగా అలవాటుపడి దాన్ని పట్టించుకోవడం మానేస్తాయి. సాజ్ ఉంటే పూలు, గడ్డి, సన్నని మసాలా ఘాటు వస్తాయి. దాని వెనుక రొట్టె వాసన.

ఇప్పుడు ఒక గుక్క. మొదట నాలుకను గిల్లేది కార్బన్ డై ఆక్సైడ్. పులుపును పసిగట్టే కణాల మీదున్న ఒక ఎంజైము ఆ గ్యాస్‌ను ఆమ్లంగా మారుస్తుందని 2009లో తేలింది. ఆ చురుకులో నొప్పిని తెలిపే నరాల పాత్ర కూడా ఉంది. మింగాక నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. గొంతు వెనకనుంచి ముక్కులోకి పోయే ఆ గాలిలోనే బీరు అసలు పరిమళం ఉంటుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ఈ వెనుక దారి వాసనే. జలుబు చేసినప్పుడు కూరలు చప్పబడటానికి కారణం ఇదే.

చివర వచ్చేది చేదు. తీపి చప్పున తెలుస్తుంది. చేదు కొన్ని సెకన్లు ఆలస్యంగా పైకి లేచి, శిఖరం చేరి, మెల్లగా దిగుతుంది. నాలుక మీద చేదు పసిగట్టే గ్రాహకాలు మనిషికి సుమారు 25 రకాలున్నాయి. వాటిలో కొన్ని హాప్స్ చేదుకు స్పందిస్తాయి. జన్యువుల్లో తేడాల వల్ల ఒకరికి కమ్మగా తోచిన చేదు ఇంకొకరికి భరించరానిది కావచ్చు. ఇద్దరూ నిజమే చెబుతారు. నాలుక చివర తీపి, వెనక చేదు అనే పాత పాఠ్యపుస్తకాల పటం మాత్రం తప్పు. అన్ని రుచులూ నాలుక మీద గ్రాహకాలున్న ప్రతిచోటా తెలుస్తాయి.

ఇక్కడ చేదును, వగరును వేరు చేసి చూడాలి. చేదు ఒక రుచి. వగరు ఒక స్పర్శ. పాలీఫినాల్స్ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటే నోరు పొడిబారి బిగుసుకున్నట్టు ఉంటుంది. మంచి పిల్స్నర్‌లో చేదు గట్టిగా లేచి శుభ్రంగా దిగిపోతుంది. వగరు నాలుకకు పట్టుకుని వదలకపోతే హాప్స్‌ను ఎక్కువసేపు నానబెట్టారనో, నీరు కఠినంగా ఉందనో అనుమానించవచ్చు.

ఉప్పు పల్లీలు నంజుకోవడం మొదటి గుక్కల తర్వాతే మంచిది. ఉప్పులోని సోడియం చేదును అణచివేస్తుంది. కాకరకాయ ముక్కలకు ఉప్పు పట్టించినప్పుడు వాటి చేదు తగ్గడంలో ఈ గుణం పాత్ర కూడా ఉంది. పల్లీలు తిన్నాక అదే బీరు ఇంకో బీరులా అనిపిస్తుంది.

ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ బీర్లలో ఆల్కహాల్ 5 శాతం చుట్టూ ఉంటుంది. ఆల్కహాల్‌ను క్యాన్సర్ కారకంగా నిర్ధారించారు. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన పరిమాణం అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. పైన చెప్పిన పరిశీలనకు నాలుగైదు గుక్కలు చాలు. తాగనివారు కూడా హాప్స్ వేసిన ఆల్కహాల్ లేని బీరుతో, లేదా వేడి నీళ్లలో నానబెట్టిన హాప్స్ పువ్వులతో పరిమళాన్ని తెలుసుకోవచ్చు.

దాగని తప్పులు

తేటదనం తప్పులనూ చూపిస్తుంది. ఎండ తగిలితే బీరులోని రైబోఫ్లేవిన్ కాంతిని పీల్చుకుని ఐసో ఆల్ఫా ఆమ్లాలను విరగ్గొడుతుంది. ఆ ముక్క గంధకంతో కలిసి ఉత్తర అమెరికా జంతువు స్కంక్ చిమ్మే దుర్వాసనకు దగ్గరి పదార్థాన్ని పుట్టిస్తుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. గోధుమరంగు సీసా ఆ కాంతిని చాలావరకు అడ్డుకుంటుంది. పచ్చ, తెల్ల సీసాలు అడ్డుకోలేవు. క్యాన్‌లోకి వెలుతురే రాదు. హాప్స్ ఎక్కువైన కొద్దీ విరగడానికి సరుకూ ఎక్కువ కనుక ఈ బీర్లకు క్యానే క్షేమం.

ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తే అది డైమిథైల్ సల్ఫైడ్. లేతగా ఆరబెట్టిన మాల్ట్‌లో దాని ముడిసరుకు ఎక్కువ. మూత తీసి బాగా మరిగిస్తే ఆవిరై పోతుంది. వెన్న వాసన డైఅసిటైల్‌ది. ఈస్ట్‌కు తగినంత సమయమిస్తే అదే దాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. తడి అట్టపెట్టె వాసన వస్తే ఆక్సిజన్ చేరిందనీ, బీరు పాతబడిందనీ అర్థం. డ్రై హాపింగ్ పరిమళం అన్నిటికన్నా ముందు వాడిపోతుంది. అందుకే ఇలాంటి పిల్స్నర్ కొనేముందు తయారైన తేదీ చూడాలి, చల్లగా నిల్వ ఉంచారో లేదో అడగాలి. మనదేశం వాడే హాప్స్‌లో చాలాభాగం విదేశాల నుంచే వస్తాయి. పొడిని గుళికలుగా చేసి, గాలి తీసేసిన సంచుల్లో చల్లగా తేవాలి. ఆ గొలుసులో ఏ లంకె తెగినా గ్లాసులో తెలిసిపోతుంది.

పోయేది ఏది?

హాప్స్ తీగకు వేసవిలో దీర్ఘమైన పగళ్లు, చలికాలంలో నిద్ర కావాలి. అందుకే అది ఎక్కువగా 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య పండుతుంది. మనదేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో కొంత సాగైంది. యూరప్ సాంప్రదాయ తోటల్లో ఇప్పుడు వేసవులు ముదురుతున్నాయి, వానలు గతి తప్పుతున్నాయి. 2050 నాటికి అక్కడి పరిమళ రకాల హాప్స్ దిగుబడి 4 నుంచి 18 శాతం, వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు 20 నుంచి 31 శాతం తగ్గవచ్చని 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

ఇందులో రెండు నష్టాలున్నాయి, వాటి బరువు సమానం కాదు. చేదు తగ్గితే పూడ్చుకోవచ్చు. సాజ్‌లో ఆల్ఫా ఆమ్లాలు 3, 4 శాతమే ఉంటే, మాగ్నమ్ లాంటి రకాల్లో 12 శాతం పైన ఉంటాయి. పాత్రలో కొద్దిగా వేసి గంటసేపు మరిగిస్తే చాలు, ఐబీయూ లెక్క సరిపోతుంది. పరిమళానికి అలాంటి బదులు లేదు. సాజ్ పరిమళం ఆ రకానిది, ఆ మట్టిది, ఆ చల్లని రాత్రులది. జాటెట్స్‌లోనూ జర్మనీలోని హ్యూల్‌లోనూ పరిశోధకులు ఎండను తట్టుకుంటూ ఆ పరిమళాన్ని నిలుపుకునే కొత్త రకాల కోసం సంకరాలు చేస్తున్నారు. ఒక మొక్కను ఎంపిక చేసి, పండించి, బీరు కాచి చూసి రైతు చేతికివ్వడానికి పదేళ్లకు పైనే పడుతుంది.

ఆ పరిశోధన ఫలించాలంటే చేదుకూ పరిమళానికీ తేడా తెలిసిన నాలుకలు కావాలి. కొత్త రకం ఆల్ఫా శాతాన్ని యంత్రం కొలుస్తుంది. అది పాత సాజ్‌కు సాటివస్తుందో లేదో మాత్రం శ్రద్ధగా రుచి చూసే మనుషులే తేల్చాలి. తాగేవాళ్లు ఆ తేడా అడిగినంత కాలం రైతుకు ఆ తీగను పండించడానికి కారణం ఉంటుంది.